కన్ను లేని పావురం

ఎదుటి సీట్లో కూర్చున్న మనిషి చీరకేసి అంతసేపు చూడటం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి నా చూపు ఆమె కొంగు మీదనే ఉంది. పల్చటి పాలిస్టర్ చీర, అచ్చు వేసిన డిజైను. వరసగా స్తంభాలు, ఒక్కో స్తంభం నెత్తిన రెండేసి పావురాలు. ఎడమ పావురానికి కన్ను ఉంది, కుడి పావురానికి లేదు. ప్రతి స్తంభం మీదా అంతే. ఆమె ఒకసారి కొంగు సర్దుకుంది, రెండోసారి సర్దుకుని, ఏమన్నా అంటుకుందా అని నన్నే అడిగింది. ఏం లేదమ్మా, చీర బాగుందని చూస్తున్నా అన్నాను. ఆ పావురం కన్ను పోగొట్టింది నేనే అని చెబితే ఆమె సీటు మారి కూర్చునేది.

నాకింకా ముప్పై నిండలేదు. అయినా ఈ దారి సంగతి వస్తే ముసలమ్మలా మొదలుపెడతానని మా ఆఫీసులో పేరు పడింది. ఏం చెయ్యను, ఈ పట్నం అట్లాంటిది. మనుషుల కంటే ముందు దారులకు వయసైపోతుంది. ఇప్పుడు నేను చల్లటి గాలిలో కూర్చుని దాటిపోయే ఈ మెట్రో దారి కింద, ఒకప్పుడు దుమ్ములో, ఒంటికాలి మీద నిలబడి రెండేళ్ళు ప్రయాణం చేశాను. అప్పటికి పైన పట్టాలు లేవు. స్తంభాలు మాత్రం ఒక్కొక్కటే లేస్తున్నాయి.

మాది పోచంపల్లి. ఇంట్లో బాపు మగ్గం మీద, అమ్మ రంగుల దగ్గర, అవ్వ ఆసు దగ్గర. ఆసు అంటే చెక్కకు కొట్టిన మేకుల చుట్టూ పోగును చుట్టడం. చెయ్యి ముందుకు పోవాలి, వెనక్కి రావాలి, పొద్దుగూకేదాకా అదే పని. నా చెయ్యి నడిచిన దూరం నా కాళ్ళు నడిచి ఉంటే ఈపాటికి కాశీకి పోయి వచ్చేదాన్ని అని అవ్వ అనేది. అక్క పెళ్ళై వెళ్ళిపోయాక చిటికి కట్టే పని నా మీద పడింది. చట్రానికి బిగించిన పోగుల మీద బాపు గుర్తులు పెడతాడు. గుర్తు పెట్టిన చోటల్లా రబ్బరు పట్టీతో గట్టిగా చుట్టి ముడి వెయ్యాలి. ముడి ఉన్న చోట రంగు ఎక్కదు. రంగులో ముంచి ఆరబెట్టి పట్టీలు విప్పితే, అక్కడ తెల్లగా మిగులుతుంది. పిట్ట కన్ను అంటే లోకానికి కన్ను, మాకు మాత్రం ఒక చిన్న ముడి. ఆ ఒక్క ముడి మరిచిపోతే, ఆ పోగులతో నేసిన బట్టలో ఆ చోట వచ్చే ప్రతి పిట్టకూ కన్ను ఉండదు.

పదో తరగతి అయ్యాక నేను చదవాలనుకున్న గ్రూపు ఊళ్ళో లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుతానని కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిజంగానే, రెండు రోజులు అన్నం ముట్టకుండా గడప మీద కూర్చున్నాను. మధ్యలో అవ్వ దొంగచాటుగా పెట్టిన జొన్నరొట్టె, ఉల్లికారం లెక్కలోకి రావు. మూడో రోజు బాపు మగ్గం గుంటలోంచి తల పైకెత్తి తీర్పు చెప్పాడు.

"దసరా దాకా చూస్త. బస్సుల పో, బస్సుల రా. గని చిటికి పని ఆగొద్దు. పని చెడగొట్టినవంటే బస్సు బందు."

బాపు ఒక మాట అన్నాడంటే అది రాతి మీద గీత. దసరాకు నాలుగు నెలలుంది.

పొద్దున ఆరింటి బస్సు. ఆ బస్సులో సీటు దొరకడం అంటే పూర్వజన్మ సుకృతం కాదు, చేతివాటం. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసరాలి. దస్తీ ఎవరిదైతే సీటు వాళ్ళది, ఈ న్యాయాన్ని ఎవరూ తప్పరు. మా ఊళ్ళో ఇంకో సుఖం కూడా ఉంది. అందరూ నేసేవాళ్ళే కాబట్టి సీటు మీద గుడ్డ చూడగానే అది ఎవరి మగ్గం మీదిదో చెప్పేస్తారు. గొడవే ఉండదు. ఒకసారి నేను బాగా కోపిష్టి అయిన ఒక పెద్దమనిషి ఇంటి తువ్వాల ముక్క సంపాదించి, వారం రోజులు అదే విసిరాను. మొగవాళ్ళు కూడా ఆ సీటు దగ్గరికి రాలేదు. ఎనిమిదో రోజు ఆ పెద్దమనిషే బస్సెక్కాడు. ఆ పూట ఎల్బీనగర్ దాకా నిలబడే పోయాను. కండక్టరమ్మ టికెట్లు కొట్టుకుంటూ, దస్తీలకు గూడ పాసు తీసుకోండ్రి బిడ్డా అని నా పక్క చూసి నవ్వింది.

దారిని ముక్కుతో గుర్తుపట్టేదాన్ని. ఊరు దాటేదాకా గంజి వాసన, రంగు వాసన. హైవే ఎక్కగానే డీజిలు, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర హోటల్లో కాగే నూనె. కొత్తపేట వచ్చిందంటే కళ్ళు మూసుకున్నా తెలిసిపోయేది, పండ్ల మార్కెట్. ఎండాకాలం చివరన మిగిలిన మామిడిపండ్లు, తర్వాత మా నల్లగొండ బత్తాయిలు, చితికినవి, కుళ్ళినవి, గడ్డిలో చుట్టినవి, అన్నీ కలిపి ఒక తియ్యటి మత్తు వాసన. నా సంచిలో డబ్బా మూత ఊడి కారిన పచ్చిపులుసు వాసన దాంట్లో కలిసిపోయేది. ఆ మార్కెట్టును తర్వాత ఊరి బయటికి ఎత్తేశారు. ఇప్పుడు మెట్రో అద్దాల లోపల కొత్తపేట ఎప్పుడు వచ్చి పోయిందో తెలియదు.

సాయంత్రం ఇంటికి రాగానే బాపు ఏం చదివినవు అని అడిగేవాడు కాదు. ఏం చూసినవు అని అడిగేవాడు. నేను స్తంభాల గురించి చెప్పేదాన్ని. ఇనుప చువ్వలు పొదలాగా లేస్తాయి, చుట్టూ రేకులు కడతారు, కొన్నాళ్ళకు రేకులు తీసేస్తే లోపల నున్నటి స్తంభం ఉంటుంది, పైన రెండు చేతులు చాచినట్టు తల ఉంటుంది, దాని మీద పావురాలు వాలతాయి అని చెప్పాను. గియ్యమన్నాడు. లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో గీశాను. దాన్ని బాపు గళ్ళ కాగితం మీదికి ఎక్కించాడు. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, గళ్ళు నింపుతూ పోయాడు. మా వాడలో ఏనుగులు, చిలుకలు, పూలు నేసినవాళ్ళున్నారు గాని, పట్నం రోడ్డు మీది స్తంభాన్ని పట్టుచీర మీదికి తెచ్చినవాళ్ళు లేరు. బాపుకు ఆ సంగతి తెలుసు. ఆ నాలుగు రోజుల్లో అతని ముఖం పండగ ముందు పిల్లవాడి ముఖంలాగా ఉండేది.

కొత్త డిజైను మగ్గం మీద ఉన్నప్పుడు ఇంటికి ఎవరు వచ్చినా మగ్గం మీద పాత ధోవతి కప్పడం మా ఊరి అలవాటు. సొంత తమ్ముడు వచ్చినా కప్పుతారు. వచ్చినవాళ్ళు కూడా తప్పు పట్టరు, మంచినీళ్ళు తాగి ఇంకో మాట మాట్లాడి పోతారు. డిజైను ఒక్కటే నేసేవాడి సొంతం, మిగతాదంతా పక్కింట్లోనూ ఉంటుంది.

ఆ పావురాల చిటికి నేనే కట్టాను. పగలంతా కాలేజీ, రెండు పూటలా బస్సు, దీపాలు పెట్టే వేళకు చట్రం ముందు. కునికిపాట్లు పడుతూ కట్టాను. బాపు నేసి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. మొదటి వరస రాగానే మగ్గం చప్పుడు ఆగిపోయింది. అవ్వ చెయ్యి ఆసు మీద ఆగింది. కుడి పావురానికి కన్ను లేదు.

దుకానపాయన దూరంకెళ్ళి చూస్తడు, కన్ను ఎవలకు కనవడుతది, పోనియ్యి అని అవ్వ సర్దిచెప్పింది.

"నాకు కనవడుతాంది గదనే," అన్నాడు బాపు.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్ళీ కట్టి రంగులు వేసే టైము లేదు, దసరాకు చీరలు కావాలంటే ముందు ముక్క దుకాణానికి చూపించాలి. కన్ను లేని ముక్కనే కోసి, పాత పేపర్లో చుట్టి నా చేతికి ఇచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫలానా దుకాణంలో ఇచ్చి రా అన్నాడు. ఒకసారి అయ్యింది, రెండోసారి చెడితే బస్సు బందే అని కూడా అన్నాడు.

ఆ పొద్దున నాకు పరీక్ష. ముందు రోజు సెలవు కాబట్టి బస్టాండులో రెండు బస్సుల జనం ఉన్నారు. సంచి తడిమితే దస్తీ లేదు, ఇంట్లో మరిచిపోయాను. బస్సు తిరుగుతోంది. గంటన్నర నిలబడి పోతే చదివింది చదివినట్టే జారిపోతుంది. పేపర్ చింపి, బాపు నేసిన పట్టుముక్కను కిటికీలోంచి విసిరాను. తిన్నగా సీటు మీద పడి విచ్చుకుంది. నాకు సీటు దొరికింది. మగ్గం మీద ధోవతి కప్పి నెల రోజులు దాచిన దాన్ని నేను ఆరింటి బస్సులో ఆరబెట్టాను.

మా ఊరివాళ్ళు చూసి ముఖం తిప్పుకున్నారు, అది మర్యాద. హయత్‌నగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నామెకు ఆ మర్యాద తెలియదు. శుభ్రంగా ఉంది, చేతిలో మంచి ఫోను. ఎంత బాగుందమ్మా, ఎక్కడ కొన్నావు అంది. కొనలేదు, మా బాపు నేసిండు అన్నాను. ఇంతవరకూ ఆగి ఉంటే సరిపోయేది. డిజైను నేనే గీసిన అని కూడా చెప్పాను. ఒక్క ఫోటో తీసుకుంటానంది. నేను రెండు కొసలు పట్టుకుని, ముడత లేకుండా సాగదీసి చూపించాను. ఆమే ఏదో చేసిందని ఒట్టేసి చెప్పలేను. గాని ఆ రెండు కొసలు పట్టుకున్న చేతులు మాత్రం నావే.

ముక్క దుకాణంలో ఇచ్చి నెల కాకముందే, కాలేజీ నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద చీరల కుప్ప చూశాను. స్తంభాలు, పావురాలు. దగ్గరికి పోయి వంగి చూశాను. కుడి పావురానికి కన్ను లేదు. దుమ్ము, హారన్లు, మిర్చి బజ్జీల బండి, ఏవీ వినబడలేదు, కనబడలేదు. ఆ వారమంతా దొంగకు తేలు కుట్టినట్టు ఇంట్లో కూర్చున్నాను. అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జరమేం లేదు, ఏందో మింగింది పిల్ల అంది.

వారం తిరక్కుండానే దుకాణంవాళ్ళు ముక్క తిప్పి పంపారు. ఇదే డిజైను ఫుట్‌పాత్ మీద దొరుకుతుంటే మేమెట్లా అమ్ముతాం అన్నారట. బాపు ఆ ముక్కను మోకాళ్ళ మీద పరుచుకుని కూర్చున్నాడు. ధోవతి కప్పే ఉంచాం గదా, ఎట్ల పోయింది అని అమ్మను అడిగాడు, అవ్వను అడిగాడు. వాడలో ఎవరి మీదకు అనుమానం పోతుందోనని భయపడ్డాను. అంతకంటే ముందు దసరా గుర్తొచ్చింది, బస్సు గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"బాపూ, నేనే," అన్నాను. దస్తీ మరిచిపోయిన దగ్గర్నుంచి కొసలు పట్టుకుని చూపించినదాకా అంతా చెప్పాను. ఏడవకూడదని అనుకున్నాను, ఏడవలేదు. బస్సు బందు చేస్తే మళ్ళీ గడప మీద కూర్చుంటానని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, పౌరుషం అట్లా వచ్చింది.

బాపు మోకాళ్ళ మీది ముక్కను తీసి మడిచాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"వాళ్ళ పావురానికి కన్ను ఉన్నదా?"

లేదన్నాను. రేపు నేను గూడ వస్త అన్నాడు.

పొద్దున బాపు తెల్ల అంగీ వేసుకుని నా వెంట బస్టాండుకు వచ్చాడు. మగ్గం ఆపి పట్నం పోవడం అతనికి ఏడాదికోసారి కూడా ఉండదు. నేను పాత గుడ్డ విసిరి సీటు పట్టి కూర్చోమంటే కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఇదే నా ఆఖరి బస్సు అనుకున్నాను. కాలేజీలో టీసీ అడుగుతాడు, దుకాణంలో క్షమించమంటాడు, ఇంటికి తీసుకుపోతాడు. హోటలు నూనె వాసన, కొత్తపేట బత్తాయిల వాసన, అన్నీ ఆఖరిసారి అన్నట్టు పీల్చుకున్నాను. కండక్టరమ్మ కూడా ఆ పూట పరాచికం ఆడలేదు.

ఫుట్‌పాత్ దగ్గర బాపు ఆ చీరను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో నలిపాడు, తిప్పి చూశాడు. వెనకవైపు తెల్లగా, రంగు వెలిసిన నీడలాగా ఉంది. మా నేతలో ముందూ వెనకా ఒకటే ఉంటుంది, పోగుకే రంగు వేస్తాం కాబట్టి.

"దీనికి ఎనుక లేదు," అన్నాడు బాపు.

"ఎనుక ఎవలు చూస్తరన్నా?" అంది అమ్మే ఆమె. పాపం ఆమెకేం తెలుసు, ఎవరో తెచ్చి పోసిన కుప్ప.

"కట్టుకునేటోళ్ళు చూస్తరు," అన్నాడు. చీరను మళ్ళీ ముడత పడకుండా మడిచి కుప్ప మీద పెట్టాడు. ఎవరి బట్టయినా సరే, బాపు విసిరెయ్యడు.

ఆ తర్వాత కాలేజీ వైపు కాకుండా నన్ను రోడ్డు మధ్యలో లేస్తున్న స్తంభం దగ్గరికి తీసుకుపోయాడు. రేకుల ఈవల నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, మెడ వెనక్కి వంచి చూశాడు. పైన నిజంగానే పావురాలున్నాయి. బండ్లు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. నా నోటుబుక్కు అడిగి నేను గీసిన బొమ్మ తీశాడు, పైకి చూశాడు, బొమ్మ చూశాడు.

"గా తలకాయ గింత సన్నగ లేదు. సగం చూసి గీసినవ్ నువ్వు. నేనేమో చూడకుండనే ఎక్కించిన. ఇద్దరిది తప్పే."

నేను తల దించుకున్నాను. అప్పుడు బాపు అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వాడు ఒక్క ఫోటో చూసిండు. నువ్వు దినాం చూస్తవ్. గా స్తంభం లేస్తది, దాని మీద ఇంకోటి పడతది, ఇంకేందో వస్తది. మనం వానికంటె ముందుగాల చూడాలె. గంతే."

"మరి బస్సు?" అన్నాను.

"నువ్వు బస్సెక్కకపోతే గివన్ని ఎవలు చూస్తరు?"

అంతే అన్నాడు. కాలేజీ గేటు దాకా వచ్చి, నన్ను లోపలికి పంపి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పూట క్లాసులో ఏం చెప్పారో నాకు తెలియదు. వెనక పేజీలో స్తంభం తల మళ్ళీ మళ్ళీ గీశాను.

ఆ తర్వాత సాయంత్రం కునికిపాట్లు పడే చేతికి పని ఇవ్వకూడదని నాకు నేనే శాసనం పెట్టుకున్నాను. కోడి కూతకే లేచి, బస్సు టైము దాకా చిటికి కట్టేదాన్ని. రబ్బరు వాసన చేతులతోనే బస్సెక్కేదాన్ని. కాలేజీలో రంగు పట్టిన నా గోళ్ళు చూసి నవ్వేవాళ్ళు, నవ్వనిచ్చాను. రెండో డిజైనులో స్తంభం తల సరిగ్గా వచ్చింది, రెండు పావురాలకీ కళ్ళు వచ్చాయి. దుకాణంవాళ్ళు తీసుకున్నారు. దసరా వచ్చింది, పోయింది, బస్సు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కన్ను లేని ముక్క మాత్రం బాపు పారెయ్యలేదు, నా కళ్ళ ముందే ఉండాలని చట్రం పైన గోడకు కొట్టాడు. ఇప్పటికీ ఉంది.

ఆరింటి బస్సు వేళ మారింది. దస్తీలు ఇప్పుడూ విసురుతారు, ఆడవాళ్ళకు టికెట్టే లేదు కాబట్టి ఇంకా గట్టిగా విసరాలి. అవ్వ ఆసు దగ్గర ఇప్పుడు మోటారు తిరుగుతోంది. అవ్వ లేదు. మోటారు చప్పుడు ఆగినప్పుడల్లా నాకు ఆ చెయ్యి ఆగిన పూట గుర్తొస్తుంది. గోడ మీది ముక్క ముందు నిలబడి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఏడ్చి, కూర్చుని చిటికి కట్టాను.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషను వచ్చింది. ఎదుటి ఆమె లేచింది. తలుపు దగ్గర గాలికి కొంగు తిరగబడితే వెనకంతా తెల్లగా కనబడింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కడో ఎవరో ఆ అచ్చునే కొడుతున్నారు, కన్ను పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. బాపుకు ఫోను చేశాను. వెనక మగ్గం చప్పుడు వినబడుతోంది.

మన గుడ్డి పావురం ఇంకా తిరుగుతాంది బాపూ అని చెప్పాను. ఒక్క క్షణం మగ్గం ఆగింది, మళ్ళీ మొదలైంది.

"తిరగనియ్యి," అన్నాడు. "ఇయ్యాల నువ్వేం చూసినవో గది చెప్పు."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.